పాముకు దారి వేసేది మనమే



వానాకాలం వచ్చిందంటే మన హాస్టల్‌లో ఒకటే కేక, "పాము! పాము!" అని. వెంటనే కర్ర కోసం ఉరుకుతాము. చంపినాక "పాము పగ పన్నెండేళ్లు" అని భయపడుకుంటూ పండుకుంటాము. నా అభిప్రాయం ఏమిటంటే, పాముకు మన మీద పగ లేదు. అది వాసన పట్టుకుని వస్తుంది. ఆ వాసనకు కారణం మనమే.

పాము నాలుక ఆడించేది మనలను బెదిరించడానికి కాదు. గాలిలో, నేల మీద ఉన్న వాసన కణాలు ఆ నాలుకకు అంటుకుంటాయి. నాలుక లోపలికి పోగానే అవి అంగిట్లో ఉన్న జాకబ్సన్ అవయవానికి చేరతాయి. లుడ్విగ్ జాకబ్సన్ అనే డెన్మార్క్ వైద్యుడు 1813లో పశువులలో ఇటువంటి భాగాన్ని వివరించినాడు. అందుకే ఆ పేరు. పాము నాలుకకు రెండు కొసలు కదా, ఏ కొసకు వాసన ఎక్కువ తగిలితే ఆ పక్కకు తిరుగుతుంది. వేటకుక్క జాడ తీసినట్టే.

మరి ఆ జాడ ఎవరిది? ఎలుకది. ఎలుక తిరిగిన దారిలో చుక్కలు చుక్కలుగా మూత్రం వదులుతుంది. ఆ వాసన తోటి ఎలుకలకు కబురు. పాముకు మాత్రం భోజనానికి పిలుపు!

ఎలుకకు కూడా ముక్కు ఉంది. ప్రయోగశాలలో పుట్టి పిల్లిని ఎన్నడూ చూడని ఎలుక కూడా పిల్లి వాసనకు బెదురుతుంది. అంత భయం ఉన్నా, మెతుకులు దొరికే చోటును అది వదలదు. మనం పళ్లెం కడిగి మెతుకులు ఎక్కడ పారబోస్తున్నాము? వంటగది వెనక, గది కిటికీ కిందనే. ఇంటి నుంచి తెచ్చిన తినుబండారాలు తలగడ కింద దాచుకుంటాము. మెతుకులకు ఎలుక, ఎలుకకు పాము, ఆ పక్కనే చాపల మీద మనం.

కొందరు "పామును చంపితే పీడ పోతుంది" అంటారు. ఒకటి పోతే అదే వాసనకు ఇంకొకటి వస్తుంది. జెర్రిపోతుకు విషమే లేదు, ఎలుకలను తిని మేలు చేస్తుంది. కట్లపాము అలా కాదు. రాత్రి నేల మీద పండుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. కరిస్తే మంత్రం కాదు, వెంటనే ఆస్పత్రికి పోయి విషానికి విరుగుడు మందు ఎక్కించుకోవాలి.

మేడం గారూ, ఎంగిలి గుంట గదులకు దూరంగా తవ్వించి, రోజూ మట్టి కప్పించండి. నేల మీద పండుకునేవాళ్లకు దోమతెరలు ఇప్పించండి. అక్కలారా, చెల్లెళ్లారా, తినే వస్తువులు మూత ఉన్న డబ్బాలో పెట్టుకుందాము. పాము కనబడితే దగ్గరికి పోక పెద్దవాళ్లను పిలుద్దాము.

కర్ర కంటే ముందు చీపురు పట్టుకోవాలి.

– 9వ తరగతి విద్యార్థిని