కార్డుకూ మిత్తి లెక్క చెప్పాలి

సిరిసిల్లలో అప్పుకు పోయినవాళ్లు మొదట అడిగేది ఒకటే: నూటికి ఎంత మిత్తి? రెండు రూపాయలంటే తలూపుతారు, మూడంటే ఆలోచిస్తారు, ఐదంటే లేచి వస్తారు. కోరుట్లలో బీడీలు చుట్టే మహిళలకైనా, జగిత్యాల పసుపు రైతుకైనా ఈ లెక్క నోటికి వచ్చినదే. అదే మనుషులకు క్రెడిట్ కార్డు ఇచ్చినప్పుడు మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఎందుకంటే అది అప్పులా కనిపించదు. పర్సులో ఉన్న డెబిట్ కార్డులాగే అదీ ఓ ప్లాస్టిక్ ముక్క, దానికీ ఒక పిన్.

డెబిట్ కార్డు గీకితే మన ఖాతాలోని పైసలు అప్పటికప్పుడే పోతాయి. క్రెడిట్ కార్డు గీకితే బ్యాంకు మన పేరిట ఉద్దెర రాసుకుంటుంది. నెలకోసారి వచ్చే బిల్లును గడువులోగా పూర్తిగా కడితే మిత్తి ఉండదు. కొన్ని వారాలు బ్యాంకు సొమ్ము ఉచితంగా వాడుకున్నట్టే. పూర్తిగా కట్టకపోతే చాలా కార్డులపై నెలకు నూటికి మూడు నుంచి మూడుముప్పావు రూపాయల మిత్తి పడుతుంది. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. మూడున్నర అనుకుంటే పన్నుతో కలిపి నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఊళ్లో ఈ రేటుకు అప్పిచ్చేవాడిని మనం ఏమంటామో చెప్పనక్కర్లేదు.

రూ. 40,000 బాకీ ఉందనుకుందాం. బిల్లుపై కనీస చెల్లింపు 5 శాతం, అంటే రూ. 2,000 అని ఉంటుంది. అది కడితే ఫోన్లు రావు, ఆలస్య రుసుమూ పడదు. కానీ నూటికి మూడున్నర లెక్కన ఆ నెల మిత్తి రూ. 1,400, దానిపై పన్ను రూ. 252. అసలులో తగ్గేది రూ. 348 మాత్రమే. పాత బాకీ ఉండగా కొత్తగా ఏం కొన్నా, కొన్న రోజు నుంచే మిత్తి మొదలవుతుంది. ఏటీఎంలో ఆ కార్డుతో నగదు తీస్తే గడువన్నదే లేదు. తీసిన రోజు నుంచి మిత్తి, పైగా రుసుము. కార్డు బాకీపై వడ్డీ ఏడాదికి 30 శాతం దాటరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. ఇప్పుడు కార్డుదారుకు మిగిలిన రక్షణ తన లెక్క తాను చూసుకోవడమే.

నెల నెలా ఒకే తేదీకి జీతం పడే ఉద్యోగికి ఈ లెక్క కుదురుతుంది. మన దగ్గర రాబడి అట్లా రాదు. సిరిసిల్లలో ఆర్డర్లుంటేనే సాంచాలు (మరమగ్గాలు) ఆడతాయి. 2017లో మొదలైన ప్రభుత్వ బతుకమ్మ చీరల పని పట్టణాన్ని కొన్నేళ్లు నిలబెట్టింది గానీ, ఆర్డరు ఆగిన నెల కార్మికుడికీ ఆసామికీ చేతిలో ఏమీ ఉండదు. కోరుట్లలో ఆకు, తంబాకు ఇచ్చినన్ని రోజులే బీడీల పని. జగిత్యాల రైతుకు పసుపు, మామిడి అమ్ముడుపోయినప్పుడే డబ్బు. గల్ఫ్ నుంచి పైసలు రావడం అక్కడి కంపెనీ జీతమిచ్చే రోజును బట్టి ఉంటుంది. బిల్లు గడువు ఇవేవీ చూడదు. సూక్ష్మరుణ సంస్థల వారం వారం వసూళ్ల ఒత్తిడి ఎంత దూరం తీసుకెళ్లిందో ఈ ప్రాంతం చూసింది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థలపై ఆర్డినెన్స్ తెచ్చింది అందుకే. రాబడికీ వాయిదాకూ పొంతన లేని అప్పు ఏ రూపంలో వచ్చినా ప్రమాదమే.

అట్లాగని డెబిట్ కార్డు అన్నింటా మేలని కాదు. ఆన్‌లైన్ మోసం జరిగితే డెబిట్ కార్డుదారు సొంత సొమ్ము పోతుంది, క్రెడిట్ కార్డుదారు బిల్లుపై తగాదా పడతాడు. రిజర్వు బ్యాంకు 2017 జులై నిబంధనల ప్రకారం, మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మూడోవారి వల్ల మోసం జరిగి, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఏ కార్డుకైనా నష్టం మనపై పడదు. పది పనిదినాల్లో బ్యాంకు సొమ్ము తాత్కాలికంగా జమ చేయాలి. ఆ పది రోజుల బియ్యం, కూరగాయల ఖర్చు ఎవరిస్తారన్నదే ప్రశ్న. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మన నష్టమే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది.

ఇక్కడి ఇళ్లలో మరో అలవాటుంది. భర్త దుబాయిలో, ఆయన ఏటీఎం కార్డు, పిన్ భార్య దగ్గర. బెంగళూరులో ఇట్లాగే భార్య కార్డుతో ఒకాయన ఏటీఎంకు వెళ్తే నోట్లు రాలేదు, ఖాతాలో రూ. 25,000 మాత్రం తగ్గాయి. పిన్ వేరొకరికి చెప్పారన్న కారణంతో వినియోగదారుల ఫోరం 2018లో బ్యాంకు పక్షానే తీర్పిచ్చింది. భార్య పేరిట ఖాతా, ఆమె పేరిట కార్డు ఉంటే ఈ చిక్కే రాదు. జన్‌ధన్ రూపే కార్డును బీరువాలో దాచినవాళ్లూ ఒకటి తెలుసుకోవాలి. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు ప్రమాద బీమా రూ. 2 లక్షలు. అది వర్తించాలంటే ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డును ఒక్కసారైనా వాడి ఉండాలి.

కాబట్టి రోజువారీ ఖర్చుకు డెబిట్ కార్డు, అదీ ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ముంచిన వేరే ఖాతాతో. గడువు నాటికి పూర్తిగా కట్టగలమన్న ధీమా ఉంటేనే క్రెడిట్ కార్డు. వద్దనుకుంటే రద్దు చేయమని అడగడం మన హక్కు. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేదంటే బ్యాంకు రోజుకు రూ. 500 చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. అడగకుండా కార్డు పంపడమూ వాటి ప్రకారం నిషిద్ధమే.

బాధ్యతంతా కార్డుదారుపై వేస్తే సరిపోదు. కార్డు అమ్మే ఏజెంటు నవ్వుతూ చెప్పే క్యాష్‌బ్యాక్ పక్కనే, దరఖాస్తు మొదటి పేజీలో తెలుగులో పెద్దక్షరాలతో ఒక వాక్యం ఉండాలి: బాకీ పెడితే నూటికి నెలకు ఇన్ని రూపాయల మిత్తి, పన్నుతో కలిపి. ఆ వాక్యం కిందే సంతకం తీసుకోవాలి. రిజర్వు బ్యాంకు దీన్ని తప్పనిసరి చేస్తే బ్యాంకులకు పైసా ఖర్చుండదు. మిత్తి లెక్క మన వాళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు, దాచకుండా చెబితే చాలు.