డబ్బా తీసేయవచ్చునా?

బేస్తవారిపేట నుంచి ఒక సోదరుడు వ్రాశారు: "మా కారులో కూలెంటు డబ్బా చిట్లింది. అది తీసేసి గొట్టం నేలకు వదిలేద్దాం, లేకపోతే ఇంకోచోట వేరే డబ్బా కడదాం అంటున్నాడు మెకానిక్కు. ఏం చేయమంటారు?"

తీసేయవద్దండీ. పాత అంబాసిడర్లలో గొట్టం నేలకే ఉండేది, నిజమే. వాటి రేడియేటరులో పైన కాస్త ఖాళీ వదిలి నీళ్లు పోసేవారు. డ్రైవరు పక్కన నీళ్ల టిన్ను ఉండనే ఉండేది!

మామూలు నీరు మరిగేదాకా కాగితే నూటికి 4 పాళ్లు ఉబ్బుతుంది. ఎక్కువైనది మూతలోని స్ప్రింగును త్రోసుకొని డబ్బాలోకి వస్తుంది. బండి చల్లారితే రేడియేటరు దాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. డబ్బా లేదా, పీల్చుకొనేది గాలినే. గిద్దలూరు దాటి నల్లమల ఘాటు ఎక్కేటప్పుడు ఇంకా కాగి మరికొంత పోతుంది. పోయింది తిరిగి రాదు. ఆ సంగతి ఇంజను హెడ్డు వంగాక గాని తెలియదు.

పోనీ బోరునీళ్లు పోద్దామంటే, కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు చూస్తూనే ఉన్నారుగా. రేడియేటరులోనూ అదే కడుతుంది.

చోటు మార్చడం వేరు. గొట్టం కొస డబ్బా అడుగుదాకా మునిగి ఉంటే చాలు. డబ్బాకే ఒత్తిడి మూత ఉన్న కార్లలో మాత్రం కదిలించకండి. అది అన్నిటికంటె ఎత్తున ఉండాలి.

ఈ ముక్క ఇల్లాళ్లు కూడా చదవాలి. కూలెంటులోని గ్లైకాలు తియ్యగా ఉంటుంది, విషం! వాకిట్లో కారితే కుక్క నాకుతుంది, ప్రాకే బిడ్డ వేలు ముంచుతుంది. వెంటనే ఇసుక చల్లి ఎత్తి పారేయించండి.