ఒకే గది, ఒక కిటికీ

సామాన్లు తగ్గించుకుని బతకాలన్న మాట ఇప్పుడు చాలా మధ్యతరగతి ఇళ్లలో వినిపిస్తోంది. బీరువా తలుపు మూసుకోనని మొరాయించినప్పుడో, అటక మీది సంచిలో ఏముందో ఇంట్లో ఎవరికీ గుర్తు రానప్పుడో ఆ మాట పుడుతుంది. ఇల్లు ఎలా సర్దుకోవాలో, దేన్ని సాగనంపాలో చెప్పే పుస్తకాలు జపాన్ నుంచీ అమెరికా నుంచీ వచ్చాయి. వాటి మేలు వాటికుంది. కానీ ఈ విషయంలో మనం ముందుగా చదవాల్సిన మనిషి రాయ్‌పూర్‌లో ఉండేవారు.

హిందీ రచయిత వినోద్ కుమార్ శుక్లా 1937లో రాజ్‌నాంద్‌గావ్‌లో పుట్టారు. రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఛత్తీస్‌గఢ్‌కు మొదటి జ్ఞానపీఠం తెచ్చి, 2025 డిసెంబరు 23న రాయ్‌పూర్‌లోనే కన్నుమూశారు. ‘దీవార్ మే ఏక్ ఖిడ్‌కీ రహతీ థీ’ అన్న ఆయన నవలకు 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులో కథానాయకుడు రఘువర్ ప్రసాద్ కాలేజీలో లెక్కల మాస్టారు. కొత్తగా పెళ్లయింది. ఇల్లంటే అద్దెకు తీసుకున్న ఒకే గది. వంటా అక్కడే, పడకా అక్కడే. ఊరి నుంచి అమ్మానాన్నలొస్తే వాళ్లకూ చోటు అందులోనే. కాలేజీకి వెళ్లడానికి టెంపో దొరక్క అవస్థ పడే మాస్టారుని ఒక సాధువు తన ఏనుగు మీద ఎక్కించుకుని దింపుతాడు. ఆ గది గోడకు ఒక కిటికీ. అందులోంచి అవతలికి దిగితే చెరువు, చెట్లు, అలికిన కాలిబాట, టీ కాచి ఇచ్చే ఒక ముసలమ్మ. రఘువర్, భార్య సోన్సీ ఆ కిటికీలోంచే ఆ లోకంలోకి వెళ్లి వస్తుంటారు.

ఈ నవలలో ఎవరూ దేన్నీ త్యాగం చేయరు. వదులుకోవడానికి వాళ్ల దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఉన్న కొద్దిపాటినీ, ఒకరినొకరూ ఎంత శ్రద్ధగా చూసుకుంటారో శుక్లా అంతే శ్రద్ధగా రాస్తారు. నిరాడంబర జీవితం గురించి నేను చదివినవాటిలో ఇంత నిండుగా ఉన్న రచన మరొకటి లేదు.

అయితే ఈ కిటికీ ఒక్కదాన్నే చూసి పేదరికం అందమైనదనుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. అంతకు చాలా ముందే, 1979లో, ఆయన ‘నౌకర్ కీ కమీజ్’ రాశారు. ఆఫీసు దొర ఒక ఆదర్శ నౌకరును ఊహించుకుని చొక్కా కుట్టించి పెడతాడు. అది ఎవరి ఒంటికి సరిపోతే వాడే నౌకరు. గుమాస్తా సంతూబాబుకు అది అతికినట్టు సరిపోతుంది. తక్కువతో బతకడం మనిషి తానుగా ఎంచుకున్నదైతే ఒక మాట, ఇంకొకరు కొలత చూసి తొడిగిందైతే మరో మాట. ఈ రెండో మాట మరిచిపోయి మొదటిదాన్ని పొగడకూడదు.

ఈ మరుపు తిండి విషయంలోనూ కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల వేసవి తిండి బోరే బాసి. అన్నంలో నీళ్లు పోసి నానబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటారు. మన చద్దన్నం లాంటిదే. 2022 మే 1న, శ్రమజీవుల గౌరవార్థం అందరూ బాసి తినాలని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునిచ్చారు. నాయకులు, అధికారులు తిన్నారు, ఫోటోలు పంచుకున్నారు. కష్టజీవి తిండికి పెద్దల పంక్తిలో పీట వేయడం మంచి పనే. కానీ కూలికి వెళ్లే మనిషి మర్నాడూ అదే తింటుంది. ఆమె గిన్నె పక్కన పప్పు, కూర, పెరుగు ఉన్నాయా అని కూడా ఆ పూటే అడిగి ఉండాల్సింది.

తక్కువతో బతకడాన్ని ఎంచుకోవడానికీ, అది తప్పనిసరి కావడానికీ ఉన్న ఈ తేడా రాయ్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఒకరు చెప్పక్కర్లేదు. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఇక్కడికీ దారి దగ్గరైంది. రైల్వే పనికని కొందరు, ఆ తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారానికని కొందరు రేకు పెట్టెతో దిగి, చిన్న క్వార్టర్లలో కాపురం పెట్టారు. ఆ తరం అమ్మలు ఖాళీ సీసాని పారేయరు, పాత చీరని బొంత చేస్తారు. ఇవాళ పిల్లలు పెద్ద ఫ్లాటులో కూర్చుని, ఈ చెత్తంతా తీసేద్దామంటే వాళ్ల మొహం చిన్నబోతుంది. కావాలంటే మళ్లీ కొనుక్కోవచ్చన్న ధీమా ఉన్నవాళ్లకే పారేయడం సులువు. దాచుకునే మనిషిని చాదస్తమని తీసిపారేసే ముందు ఆ ధీమా ఆమెకు ఎన్నడైనా దక్కిందా అని చూడాలి.

మా ఇంట్లో ఒక ఇత్తడి గుండిగ ఉండేది. ఇంత చోటు ఆక్రమిస్తోంది, అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకునేది కాదు. “పెళ్లి వస్తే వీధిలో వాళ్లు దేంట్లో వండుకుంటార్రా?” అనేది. నిజమే, అది మా ఇంట్లో కంటే ఇతరుల పొయ్యి మీదే ఎక్కువ ఉండేది. వస్తువులు తగ్గించుకోవాలని నేనూ కొంతకాలంగా ప్రయత్నిస్తున్నాను. ఎన్ని ఉన్నాయన్న లెక్క కంటే, ఒక్కొక్కటి ఎంతమంది చేతుల్లో తిరుగుతోందన్న లెక్కే నాకు దారి చూపిస్తోంది. ఒకరికొకరు అరువిచ్చుకునే వీధిలో ప్రతి ఇంట్లోనూ నిచ్చెన అక్కర్లేదు, ప్రతి ఇంట్లోనూ గుండిగ అక్కర్లేదు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం పోయాకే ఇళ్లు ఇంతగా నిండాయని నా నమ్మకం.

ఇక్కడి ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పుష్య పూర్ణిమకు ఛేర్‌ఛేరా పండుగ వస్తుంది. కోతలై వడ్లు ఇంటికి చేరాక, పిల్లలు జట్లు జట్లుగా గడప గడపకూ తిరిగి ధాన్యం అడుగుతారు. మన సంక్రాంతి నెల హరిదాసుకు బియ్యం పోసినట్టు, ఏ ఇల్లాలూ వాళ్లను వట్టిచేతుల్తో పంపదు. ఉన్నవాళ్ల పిల్లలు కూడా అడుగుతారు. లేనివాళ్లు కూడా తమకున్నంతలో పెడతారు. ఆ రోజు అడగడం ఎవరికీ చిన్నతనం కాదు. రాయ్‌పూర్ అపార్ట్‌మెంట్లలో వడ్ల గాదెలు లేవు, బీరువాలున్నాయి. పుష్య పూర్ణిమ పొద్దున వాటి తలుపులు తీస్తే బాగుంటుంది. చిరిగినవీ రంగు వెలిసినవీ కాకుండా, మనం ఇంకా కట్టుకోవాలనుకుంటున్న వాటిలోంచే ఒకటి తీసి ఇస్తే మరీ బాగుంటుంది.