చీటీ డబ్బులు 45 వేలు.. కొనాల్సినవి తొమ్మిది!

2023 జులైలో ఓ రాత్రి పదకొండింటికి మా చెల్లి వాట్సాప్‌లో ఓ ఫొటో పెట్టింది. చెల్లి అంటే కోదాడలో ఉండే మా పిన్ని కూతురు. ఎవరో షాపువాళ్లు తెల్ల కాగితం మీద రాసిచ్చిన కొటేషన్ అది. ‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డ్, లైట్ల గేమింగ్ క్యాబినెట్, మానిటర్.. అన్నీ కలిపి 38 వేలు.’ కింద తన మెసేజ్: ‘అన్నయ్యా, సూపర్ డీల్ కదా! రేపు అడ్వాన్స్ ఇచ్చేస్తున్నా.’

‘ఆగు’ అని ఒక్క మాట పెట్టి వెంటనే ఫోన్ చేశా.

ఎందుకంత కంగారంటే, ఆ డబ్బు ఎలా వచ్చిందో నాకు తెలుసు. చెల్లి అప్పటికి రెండేళ్లుగా ఓ ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తోంది. చేతిలో పనుంది, పేరుంది, జీతమే లేదు. ‘ఇంట్లో సిస్టమ్ పెట్టుకో, ఆల్బమ్‌కి ఇంత అని ఇస్తాం’ అని ఇంకో రెండు స్టూడియోల వాళ్లు అడిగారు. దాంతో మా పిన్ని చీటీని ముందే పాడేసింది. బ్లౌజులు కుట్టి నెలనెలా కట్టే చీటీ. పాట నష్టం పోగా చేతికొచ్చింది 45 వేలు. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేలోపు సిస్టమ్ రెడీ కావాలి. ఆ ఏడాది ముందు అధిక శ్రావణం వచ్చింది కాబట్టి మాకో నెల కలిసొచ్చింది.

“ఆ ఐ7 పూర్తి నంబరెంతో అడుగు” అన్నాను. పొద్దున్నే కనుక్కుని చెప్పింది.. ఐ7-4770.

మన దగ్గర చాలామంది మోసపోయేది ఇక్కడే. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటిపేర్లలాంటివి. ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేసుకోం కదా! దాని వెనకున్న అంకె చూడాలి. 4770లో మొదటి 4 అంటే నాలుగో తరం. అది 2013లో వచ్చిన ప్రాసెసర్. 2022లో మన మార్కెట్‌కొచ్చిన ఐ3-12100 పన్నెండో తరం. రెండింట్లోనూ నాలుగు కోర్లే, ఎనిమిది థ్రెడ్లే. కానీ ఆ పాత ఐ7 కంటే ఈ ఐ3 చాలా వేగంగా పనిచేస్తుంది. పైగా విండోస్ 11 అధికారికంగా నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్ల మీద నడవదు. అంటే పిన్ని చీటీ డబ్బులతో మేం కొనబోతున్నది పదేళ్ల పాత ప్రాసెసర్‌ని.. కొత్త డబ్బాలో, రంగురంగుల లైట్ల మధ్య!

ఇంకోటి కూడా అడిగించాను. “ఎస్ఎంపీఎస్ ఏ కంపెనీది?”

“క్యాబినెట్‌తో ఫ్రీగా వస్తుందంట అన్నయ్యా.”

ఆ ‘ఫ్రీ’ నాకు బాగా తెలుసు. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో నా మొదటి పీసీ నేనే అసెంబుల్ చేయించుకున్నాను. ప్రాసెసర్ గురించి నెల రోజులు చదివాను. ఎస్ఎంపీఎస్ గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. క్యాబినెట్‌తో వచ్చిందే వాడాను. పైన ‘450 వాట్స్’ అని స్టిక్కర్ ఉంది, చాలనుకున్నా. ఓ వేసవి సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. టప్ మని చప్పుడు, కాలిన వాసన. పోయింది ఎస్ఎంపీఎస్ ఒక్కటే కాదు, మదర్‌బోర్డునీ హార్డ్ డిస్క్‌నీ కూడా తీసుకుపోయింది. మినీ ప్రాజెక్టు మళ్లీ రాసుకున్నా. కానీ తాతయ్యతో మేం గడిపిన ఆఖరి సంక్రాంతి ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. అవి మళ్లీ రాలేదు.

అందుకే ఎవరు పీసీ గురించి అడిగినా నేను ఎస్ఎంపీఎస్ నుంచే మొదలుపెడతాను. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని మిగతా పార్టులు తట్టుకోగలిగే 12, 5, 3.3 వోల్టులుగా మార్చి పంచేది అదే. దాని మీద ‘80 ప్లస్’ అనే ముద్ర ఉందేమో చూడండి. తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతాన్ని వృథా కాకుండా లోపలికి అందిస్తుందని దానర్థం. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అనేవి అంతకంటే పై మెట్లు. అది పొదుపు గురించిన ముద్రే, భద్రతకి హామీ కాదు. అందుకే వోల్టేజ్ పెరిగినా, షార్ట్ అయినా తనంతట తాను ఆగిపోయే రక్షణలు ఉన్నాయో లేదో డబ్బా మీద విడిగా చదవాలి. వారంటీ ఎన్నేళ్లో చూడాలి.

ఆ వారమే చెల్లి హైదరాబాద్ వచ్చింది. ఇద్దరం మెట్రోలో ప్యారడైజ్ స్టేషన్‌లో దిగి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి నడిచాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎవరికీ తెలీదు, సీటీసీ అంటే అందరికీ తెలుసు. వెళ్లేముందే ఓ పని చేశాం. ఏ పార్టు కొనాలో కాదు, ఈ సిస్టమ్ మీద ఏ పని జరగాలో ఓ కాగితం మీద రాసుకున్నాం. ఫొటోషాప్‌లో పెద్ద పెద్ద ఆల్బమ్ షీట్లు తెరవాలి. ఒక్కో పెళ్లికి వేల ఫొటోల్లోంచి ఏరుకోవాలి. గేమ్‌లు ఆడేది లేదు. వీడియో ఎడిటింగ్ ఇప్పుడు కాదు, తర్వాత.

ఈ నాలుగు ముక్కలతోనే సగం గందరగోళం పోయింది. ముందు గ్రాఫిక్స్ కార్డు ఎగిరిపోయింది. చెల్లి మొహం మాడ్చుకుంది. “స్టూడియోలో ఉంది కదా!” అంది. ఆల్బమ్ డిజైన్‌కి కావాల్సింది ర్యామ్, వేగంగా తెరిచే డిస్క్. అందుకే గ్రాఫిక్స్ లోపలే ఉన్న ఏఎండీ రైజెన్ 5 5600జీ తీసుకున్నాం. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. చివర ఉన్న ‘జీ’ అక్షరానికి అర్థం అదే, గ్రాఫిక్స్ ఉందని. ఇంటెల్‌లో నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే మాత్రం జాగ్రత్త. అందులో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు కొనకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. ‘ఎఫ్ అయితే చౌక’ అని కొనేసి ఇంటికెళ్లి నల్ల స్క్రీన్ చూసినవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే ఇద్దరున్నారు.

ర్యామ్ దగ్గర షాపతను 16 జీబీ స్టిక్ ఒకటి ఇవ్వబోయాడు. మేం 8 జీబీవి రెండు అడిగాం. రెండు దారుల్లో డేటా వెళ్తుంది కాబట్టి వేగం పెరుగుతుంది. 5600జీ లాంటివాటికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది. ర్యామ్‌కి నాలుగు స్లాట్లున్న మదర్‌బోర్డు తీసుకున్నాం, రేపు పెంచుకోవడానికి చోటుండాలని. ఎస్ఎస్‌డీ దగ్గర ‘జెన్ 4 తీసుకోండి సార్, డబుల్ స్పీడ్’ అన్నాడు. 5600జీ పీసీఐఈ జెన్ 3 వరకే వెళ్తుంది. ఇరుకు సందులో రేసు కారు నడిపినట్టే! మామూలు ఎన్‌వీఎంఈ 500 జీబీతో సరిపెట్టాం.

అంతవరకూ నేనే హీరోని. మానిటర్ దగ్గర సీన్ మారింది.

నా లిస్టులో మానిటర్‌కి 5,500 రాసుకున్నా. ఏదో ఒకటి కనపడితే చాలు కదా, మిగిలిన డబ్బుతో 1 టీబీ ఎస్ఎస్‌డీ తీసుకుందామని నా లెక్క. చెల్లి అడ్డంగా తలూపింది.

“అన్నయ్యా, పెళ్లికూతురిది కుంకుమ రంగు చీర. ఇక్కడ కుంకుమ రంగులో కనపడి, ప్రింట్‌లో ఇటుక రంగు వచ్చిందనుకో.. ఆ ఆల్బమ్ మళ్లీ వేయించే ఖర్చు నాదే. నీకు మానిటర్ అంటే కోడ్ కనపడితే చాలు. నాకు రంగే పని.”

నేను నోరు మూసుకున్నాను. రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టించి తన ఫోన్‌లోని ఓ పెళ్లి ఫొటో రెండింట్లోనూ వేయించింది. కాస్త పక్కకి జరిగి చూస్తే చౌక ప్యానెల్‌లో రంగులు పాలిపోయాయి, ఐపీఎస్ ప్యానెల్‌లో అలాగే నిలిచాయి. 24 అంగుళాల ఐపీఎస్ ప్యాక్ చేయించాం. లిస్టు రాయాల్సింది ఎక్కువ స్పెసిఫికేషన్లు తెలిసినవాళ్లు కాదు, ఆ పని చేసేవాళ్లు అని నాకు అర్థమైంది అప్పుడే.

చివరికి మా లెక్క ఇది. ప్రాసెసర్ 11,500. మదర్‌బోర్డు 8,500. ర్యామ్ 3,600. ఎస్ఎస్‌డీ 3,000. 80 ప్లస్ బ్రాంజ్ ఎస్ఎంపీఎస్ 3,600. లైట్లు లేని నల్ల క్యాబినెట్ 2,300. మానిటర్ 8,600. కీబోర్డు, మౌస్ కలిపి 900. యూపీఎస్ 3,000. సరిగ్గా 45 వేలు. మొత్తం తొమ్మిది. సాఫ్ట్‌వేర్ ఇందులో లేదు. ‘విండోస్, ఫొటోషాప్ ఫ్రీగా వేసిస్తాం’ అంటే అవి దొంగ కాపీలని అర్థం. వాటి ఖర్చు విడిగా పెట్టుకోవాలి.

ఈ అంకెలు పట్టుకుని ఇవాళ షాపుకి వెళ్లకండి. అవి 2023 ధరలు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మోడళ్లూ మారతాయి. మారనిది వరస. ముందు పని, తర్వాత ఆ పనికి అడ్డుపడే పార్టు, ఆపైన వాటన్నిటినీ కాపాడే ఎస్ఎంపీఎస్. లైట్లు, గాజు తలుపులు అన్నీ అయ్యాక డబ్బు మిగిలితేనే.

బిల్లు దగ్గర కూడా తొందరపడొద్దు. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా’ అంటారు. జీఎస్టీ 18 శాతం మిగులుతుందని ఆశపడితే, పాడైన రోజు వారంటీకి చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. మేం ప్రతి పార్టూ విడివిడిగా, సీరియల్ నంబర్లతో రాయించుకున్నాం. ప్రాసెసర్ సీల్ ఉన్న డబ్బాలోది తీసుకున్నాం. దానికి కంపెనీ వారంటీ మూడేళ్లు. విడిగా ట్రేలోంచి తీసిచ్చేది కాస్త చౌకే గానీ ఆ వారంటీ రాదు.

మొదటి ఆల్బమ్ డబ్బులతో చెల్లి ఏం కొనుక్కుందో తెలుసా? బ్యాకప్ కోసం ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. తాతయ్య ఫొటోల కథ తనకీ తెలుసు మరి. 2024లో ఖాళీగా ఉన్న రెండు స్లాట్లలో ఇంకో రెండు ర్యామ్‌లు తనే వేసుకుంది, నన్ను అడక్కుండా. పిన్ని చీటీ కంతులు అయిపోయేవరకూ నెలనెలా తనే కట్టింది.

నిజ శ్రావణంలో, పని మొదలుపెట్టిన కొత్తలో, ఓ రాత్రి మళ్లీ పదకొండింటికి వాట్సాప్ మోగింది. చీకట్లో తీసిన ఫొటో. పిన్ని కుట్టుమిషన్ పక్కన నల్ల క్యాబినెట్, మానిటర్ వెలుగులో కుంకుమ రంగు చీర. కింద మెసేజ్:

‘కరెంటు పోయిందన్నయ్యా. యూపీఎస్ కూతలేస్తోంది. ఫైలు సేవ్ చేసేశా, ఆపేసి పడుకుంటున్నా.’