లెక్కల ముచ్చట్లు: సగటు చాటున ఒక గీత

బ్యాంకులో మూడు నెలలకొకసారి పై ఆఫీసుకు స్టేట్‌మెంటు పంపడం మా తరం వారికి అలవాటైన పని. రీజియన్ మొత్తం చూస్తే లాభమే. లోపల ఒక బ్రాంచి మునిగిపోతున్నా ఆ మొత్తంలో కనబడదు. దేశాల లెక్కలూ అంతే.

మన పిల్లలు చాలామంది నేర్చుకుంటున్న 'ఆర్' అనే గణాంకాల భాషను 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ తయారుచేశారు. పైసా ఖర్చు లేదు. అందులో అభ్యాసానికి 'గాప్‌మైండర్' అని ఒక పట్టిక దొరుకుతుంది. 142 దేశాల ఆయుర్దాయం, 1952 నుంచి 2007 వరకు, ఐదేళ్ళకొక అంకె.

ఆ పట్టికలో ఆసియా దేశాలు 33. జనాభా పెద్దా చిన్నా చూడకుండా సగటు కడితే 1972లో 57.3 ఏళ్ళు, 1977లో 59.6. శుభమే అనుకుంటాం. పోనీ 33 గీతలూ ఒకే కాగితం మీద గీద్దామంటే సేమ్యా కుప్ప పోసినట్టుంటుంది, ఏది ఎవరిదో తెలియదు.

ఇక్కడే 'ప్లాట్లీ' అనే ప్యాకేజీ అక్కరకొస్తుంది. దేశానికొక రంగు చొప్పున 'జీజీప్లాట్2'తో గీసిన బొమ్మకు 'జీజీప్లాట్లీ' అని ఒక్క ఆజ్ఞ ఇస్తే చాలు, బొమ్మ మన మాట వింటుంది. గీత మీద మౌస్ పెడితే దేశం, సంవత్సరం, అంకె పైకి వస్తాయి. పక్కనున్న పట్టీలో పేరును రెండుసార్లు నొక్కితే ఆ ఒక్క గీతే మిగులుతుంది. దాన్ని ఫైలుగా దాచి పంపితే, ఆర్ లేని బంధువులు కూడా మామూలు బ్రౌజర్‌లో తెరిచి చూసుకోవచ్చు.

కంబోడియా పేరు నొక్కి చూడండి. 1972లో 40.3. 1977లో 31.2. ఖ్మేర్ రూజ్ పాలన 1975 నుంచి 1979 వరకు. ఆసియా సగటు పెరిగిన ఆ ఐదేళ్ళలోనే ఇది జరిగింది.

ఒక్క జాగ్రత్త. మన దగ్గరున్న అంకెలు చుక్కల దగ్గరే. చుక్కకూ చుక్కకూ మధ్య గీత కంప్యూటర్ కలిపిన దారం మాత్రమే, అది రికార్డు కాదు. ఆడిట్ చేసిన కన్నుకు ఇది వెంటనే తట్టాలి.

ఆఫ్రికా దేశాలు తెచ్చుకుంటే రువాండా గీత 1992 దగ్గర 23.6కి పడిపోతుంది. అక్కడ నరమేధం జరిగింది 1994లో. ఈ పట్టికలో 1992 తర్వాత వచ్చేది 1997.