గండికోట మసీదు : రెండు సగం కథలు

గండికోటకు వెళ్ళివచ్చిన వారెవరైనా ముందు పెన్నా లోయ గురించే చెబుతారు. ఎర్రని బండలు, అడుగున నది, ఆ వెంటనే అమెరికాతో ఒక పోలిక. లోయ అందాన్ని నేను కాదనను. అయితే కోట లోపలి జామియా మసీదు ముందు నిలబడ్డప్పుడు మాత్రం నాకు కోపం వస్తుంది. కోపం కట్టడం మీద కాదు, దాని గురించి మనవాళ్ళు చెప్పే కథల మీద.

క్రితంసారి వెళ్ళినప్పుడు అక్కడ ఒక పెద్దాయన తన పిల్లలకు చెబుతున్నాడు: "గుళ్ళు కొల్లగొట్టిన వాళ్ళు కట్టింది, అంతే." కాసేపటికి మరొకాయన తన బృందానికి: "ఇక్కడ గొడవలే ఎరుగరు, అంతా సామరస్యమే." ఇద్దరూ లోపలికి తొంగి చూడకుండానే వెళ్ళిపోయారు. చరిత్ర ఇద్దరికీ చెరొక వాక్యంలో ముగిసిపోయింది!

జరిగినదేమిటి? పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటను 1650 ప్రాంతంలో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. 1652లో వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి ఆయనను కలిశాడు. ఆలయాల రాగి విగ్రహాలను సేకరించి ఫిరంగులు పోతపోయించే పని మాయే అనే ఫ్రెంచివానికి అప్పగించారని ఆయన వ్రాశాడు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంతకీ కరగలేదనీ, చివరికి మాయే ఒక్క ఫిరంగినైనా సరిగా పోయలేకపోయాడనీ కూడా వ్రాశాడు.

దీనిని దాచిపెట్టి సామరస్యం పాట పాడేవారు మన బుద్ధిని చిన్నచూపు చూస్తున్నారు. నిజం చెబితే జనం కొట్టుకు చస్తారని వారి భయం. దాచిన నిజం ఎప్పుడో ఒకనాడు బయటపడుతుంది. అప్పుడు దానిని కర్రగా తిప్పేవాడి చేతికే చిక్కుతుంది.

ఇక కర్ర తిప్పేవారి సంగతి. మీర్ జుమ్లా లెక్కను నేడు జమ్మలమడుగులో సైకిలు బాగుచేసుకునే వానికి అంటగట్టడం ఏ న్యాయం? ఆ మీర్ జుమ్లా కొద్ది ఏళ్ళకే తన గోల్కొండ ప్రభువును విడిచి మొగలుల కొలువులో చేరాడు. ఆయనకు కావలసినవి రాగి, వజ్రాలు, అధికారం. ఆయన్ని ఒక మతానికంతటికీ ప్రతినిధిని చేయడం ఆయనకు మనం ఇస్తున్న అనవసరపు గౌరవం.

పాత గాయాలు కెలకడం ఎందుకని మిత్రులు అడుగుతారు. కడగకుండా కట్టు కట్టిన గాయం మానదని నా జవాబు.

మాధవరాయ ఆలయ గోపురం నేటికీ నిలిచి ఉంది. మసీదు మినార్లూ నిలిచి ఉన్నాయి. మసీదు దగ్గర్లోనే పెద్ద ధాన్యాగారం. ముట్టడి రోజుల్లో ఆ గింజలకు కులమతాలు ఉండి ఉంటాయా? ఈ రాళ్ళను కొండ మీదే కొట్టి, చెక్కి, నిలబెట్టిన వారి పేర్లు ఏ కథలోనూ లేవు, రెండు సగం కథల్లోనూ లేవు.

అందుకని నాది ఒక్కటే మనవి. గండికోట గురించి ఈసారి వ్రాసేటప్పుడు లోయ ఫోటోతో ఆగకండి. మసీదు దగ్గర ఒక గంట కూర్చోండి. కూర్చున్నాక విగ్రహాల సంగతీ వ్రాయండి, ధాన్యాగారం సంగతీ వ్రాయండి. రెండూ ఒకే వ్యాసంలో ఉండాలి. మీకు ఇష్టమైన సగమే వ్రాస్తే అది చరిత్ర అనిపించుకోదు.