లేని రీడింగ్ రాయకండి

ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరబోతున్నారా? మొదటి నెలలోనే మీ ముందుకో రిజిస్టర్ వస్తుంది: బోరు మీటర్ రీడింగులు. నా తొలి ఉద్యోగంలో మీటరే తిరిగేది కాదు. ‘నిన్నటి అంకెకి కాస్త కలిపి రాసెయ్ బాబూ’ అన్నారు. రాసేశాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు. బోరు వేసే రిగ్గుకీ రిజిస్ట్రేషన్ ఉండాలి. బయటి రాష్ట్రాలకెళితే చాలాచోట్ల పరిశ్రమలకు కేంద్ర భూగర్భ జల సంస్థ ఎన్‌ఓసీ, డిజిటల్ ఫ్లో మీటర్ తప్పనిసరి. ఆ సంస్థ అధికారాలకు ఆధారం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం. దాన్ని ఉల్లంఘిస్తే ఒకప్పుడు ఐదేళ్ల దాకా జైలు. 2024 ఏప్రిల్ నుంచి అది పోయి, రూ.10 వేల నుంచి రూ.15 లక్షల దాకా జరిమానా వచ్చింది.

నాకైతే ఈ మార్పు నచ్చలేదు. ఫ్యాక్టరీకి పది వేలు ఒక లెక్కా? ఊళ్లో బోర్లు ఎండిపోతే ఆ డబ్బుతో నీళ్లు తిరిగొస్తాయా?

అందుకే చేరిన వారంలోనే ఎన్‌ఓసీ కాపీ అడగండి. రోజుకి ఎన్ని నీళ్లు తోడొచ్చో, గడువు ఎప్పటిదాకానో చూడండి. సార్ ముఖం చిట్లిస్తారు, నిజమే. మీటర్ ఆగిపోతే రిజిస్టర్‌లో ‘మీటర్ పనిచేయడం లేదు’ అనే రాయండి. అదే మాట మెయిల్ కూడా పెట్టి, కాపీ దగ్గరుంచుకోండి.